గువ్వలగూడెం బొక్కలు

గువ్వలగూడెం, దేవరకొండ తాలూకా
9 ఫిబ్రవరి 1959

పట్నంలోని దక్కను ప్రాచీన శోధన మండలి పెద్దసారు గారికి, గువ్వలగూడెం రైతు పర్వతాలు దండం పెట్టి రాయునది.

ఎండలు ముందే మొదలైనా ఇక్కడ మేము బాగానే ఉన్నాము. పట్నంలో మీరూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

మీరు ఊరూరికీ పంపిన అచ్చు కాగితం మా చావడి గోడకు అంటించారు. పాతకాలపు వస్తువు ఏది కనబడినా వెంటనే తెలపమని అందులో ఉంది. ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి నేను కనుక రాస్తున్నాను.

వచ్చే వానలకు ఆముదాలు వేద్దామని గుట్ట కింది చెల్కలో రాళ్లు తీయిస్తుంటే బొక్కలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు. పొడుగు బొక్కలున్నాయి, పొట్టి బొక్కలున్నాయి. చాలా పాతవని చూడగానే తెలుస్తుంది. ఊరి కుక్కలన్నీ అక్కడే చేరుతున్నాయి. పిల్లలు అటు పోవడానికి జడుస్తున్నారు. నేను పని ఆపించి, చుట్టూ కంప వేసి, కావలి కూర్చున్నాను.

వీటిని ఏం చేయమంటారు? కావాలంటే గోనెసంచిలో కట్టి దేవరకొండ బస్సు మీద వేసి పంపుతాను. కండక్టరు నాకు తెలిసినవాడే.

మీ ఆజ్ఞకు ఎదురుచూసే
పర్వతాలు

తా.క.: ఒక సన్న బొక్కకు ఉంగరం ఉంది. లాగి చూశాను, ఊడి రాలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేశాను.


హైదరాబాదు
20 ఫిబ్రవరి 1959

శ్రీ పర్వతాలు గారికి, మండలి పరిశోధకుడు కొమరవోలు విశ్వపతి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నేను నవ్వుకోవడమే కాదు, మండలిలో అందరికీ చదివి వినిపించాను. ఏమీ అనుకోకండి. పొలంలో బొక్కలు పడితే అది చరిత్ర కాదండీ. ఎలుకలూ పందికొక్కులూ ఉన్నచోటల్లా ఉండేవే. మీ చెల్కలోవీ వాటి పనే అయి ఉంటుంది. కనుక ఆ బొక్కలను వెంటనే పూడ్చివేయించండి. మట్టి బాగా కూరి, పైన పెద్ద రాయి ఒకటి పెట్టించండి. లేకపోతే పిల్లలో పశువులో కాలు విరగ్గొట్టుకుంటారు. ఉంగరమంటారా, పశువులను కట్టేయడానికి ఎవరో బిగించిన ఇనుప కడియమై ఉంటుంది.

నేను ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నది వేరు. యవనులు మా బందరు రేవులోనే ఆగిపోయారని మండలి పెద్దలంటారు. కాదు, కృష్ణ వెంట నడిచి మీ దేవరకొండ దాకా ఎక్కివచ్చారని నేనంటాను. మండలి అచ్చు వేయబోతున్న చరిత్రలో దీనిమీద నా అధ్యాయం ఒకటుంది. ఒక్క ఆధారమైనా చూపకపోతే జూన్ సభలో దాన్ని తీసేస్తామన్నారు. నా బతుకంతా ఆ అధ్యాయంలోనే ఉంది. మీ వైపు యవనుల జాడ ఏమైనా కనబడితే దయచేసి రాయండి.

భవదీయుడు
విశ్వపతి

తా.క.: బొక్కను గోనెసంచిలో కట్టి బస్సు మీద పంపగలవారిని నేనింతవరకూ చూడలేదు. మీకు నిజంగా చేతనైతే చెప్పండి, మండలిలో ఉద్యోగం ఇప్పిస్తాను.


గువ్వలగూడెం
14 మార్చి 1959

విశ్వపతి సారు గారికి, పర్వతాలు రెండు చేతులా మొక్కి రాయునది.

మీరు ఆజ్ఞ ఇచ్చినట్టే బొక్కలను పూడ్చాము. మట్టి బాగా కూరాము. పెద్ద రాయి పెట్టి సున్నం కొట్టించాము. డప్పులు మోగాయి, ఊరంతా కదిలివచ్చింది. ఒక కాగితం ముక్కతో ఎంత పుణ్యం కట్టుకున్నారో మీకు తెలియదు.

మా ఊళ్లో బక్కమ్మ అనే ముసలామె ఉంది. రజాకార్ల కాలంలో ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎల్లస్వామి గుట్టల్లో ఉన్న దళానికి అన్నం మూట పట్టుకుపోయి మళ్లీ రాలేదు. చంపారో, దేశాలు పట్టి పోయాడో తెలియదు. పదకొండేళ్లయింది. పెత్రమాస నాడు పోయినవారి పేరు చెప్పి బియ్యం ఇస్తాము కదా. మొగుడి పేరు చెబుతుంది, అత్తమామల పేర్లు చెబుతుంది, కొడుకు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుపోతుంది. పేరు చెబితే తన చేతులతో చంపుకున్నట్టు, చెప్పకపోతే పస్తు పెట్టినట్టు.

బొక్కలు బయటపడ్డనాడు ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "గీడనే ఉన్నవా బిడ్డా" అన్నది. ఇక లేవలేదు. గుండ్రంగా పాతిన రాళ్ల నడుమ, నాలుగు బండలు పేర్చిన పెట్టెలో ఎల్లస్వామి ఎట్లా పడ్డాడని మాకు అనుమానమే. దాక్కుందామని దూరి ఉంటాడని ఆమె అన్నది. పాతకాలపువని కొందరు, ఎల్లస్వామివని కొందరు, ఊరు రెండుగా చీలింది. అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. పాతవైతే పట్నం సార్లు ఊరుకుంటారా, లారీ వేసుకుని రారూ? పూడ్చమన్నారంటే ఇవి మన ఎల్లస్వామివే అని చావడిలో తేల్చేశాము. బక్కమ్మ మీ ఉత్తరాన్ని కళ్లకద్దుకుని బోరున ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఏడవగా మేము చూడలేదు. మర్నాడే దినం చేసింది.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. పోయినవాడి బొక్కలను ఎలుకల పని, పందికొక్కుల పని అని రాయడం మీవంటి పెద్దలకు తగదు. వేలికున్న ఉంగరాన్ని పశువులను కట్టేది అన్నారు. అవి రెండూ మింగేసి మిగతాది చదివాను.

మీ మేలు మరవని
పర్వతాలు

తా.క.: యవనుల జాడ అడిగారు. మా ఊరి యవనులంతా నందికొండ ఆనకట్ట పనికి పోయారు, మావంటి ముసలివాళ్లమే మిగిలాము. బందరు యవనులు ఇటు వస్తున్నారన్నది మాత్రం ముమ్మాటికీ నిజం. రోజూ లారీల్లో దిగుతున్నారు. మీ మండలివారు నమ్మకపోతే నన్ను సాక్ష్యానికి పిలవండి.


హైదరాబాదు
22 మార్చి 1959

పర్వతాలు గారూ, నమస్కారాలు రాసే ఓపిక కూడా లేదు. రాశాననుకోండి.

మీ ఉత్తరంలో డప్పుల దగ్గర ఆగిపోయాను. బొక్కలు పూడ్చడానికి డప్పులెందుకో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. మా అటెండరు ఐలేశంది మీ నల్లగొండే. పిలిచి బొక్క అంటే ఏమిటని అడిగాను. ఈయనకేమైందన్నట్టు నన్ను చూసి, మోకాలి కింద తట్టుకుని, "గిదే గద సారూ, బొక్క" అన్నాడు. మా బందరులో బొక్క అంటే కన్నం. ఎముక అని ఎవరూ అనరు. నేను పూడ్చమన్నది కన్నాలను, పర్వతాలు గారూ. మనిషిని కాదు.

రాళ్ల వలయం, నడుమ బండల పెట్టె అన్నారు. అది రజాకార్ల కాలానిది కాదు, రెండువేల ఏళ్లనాటి సమాధి. యవనులంటే పడుచువాళ్లు కాదు. ఆ కాలంలో పడమటి సముద్రాలు దాటి ఓడల్లో వచ్చిన పరదేశి వర్తకులు. ఆ ఉంగరం మీద బొమ్మ ఉందా, అక్షరాలున్నాయా? ముందు అది రాయండి. ఆ వేలు యవనుడిదే అయితే నా అధ్యాయం నిలబడుతుంది. దయచేసి రాయి తీయించండి. బక్కమ్మగారికి మీరే ఎలాగో నచ్చజెప్పండి. కావాలంటే క్షమాపణ రాసి పంపుతాను.

మీ చేతుల్లో ఉన్న
విశ్వపతి

తా.క.: మీ మొదటి ఉత్తరం చదివి మండలినంతా నవ్వించానన్నాను కదా. ఇప్పుడు అందరూ మళ్లీ నవ్వుతున్నారు. ఈసారి నేను చదవకుండానే.


గువ్వలగూడెం
6 ఏప్రిల్ 1959

బందరు భాష సారు గారికి, నల్లగొండ భాష పర్వతాలు నమస్కారం.

భాష ఒకటేనని రెండు రాష్ట్రాలను కలిపారు. ఒక్క బొక్క దగ్గరే మనకు పొత్తు కుదరలేదు. కన్నాన్ని మేము పొక్క అంటాము. పొక్కకూ బొక్కకూ తేడా తెలియనివారు రెండువేల ఏళ్ల కిందటి ముచ్చట ఎట్లా చెబుతారని ఊళ్లో అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

బక్కమ్మకూ చెప్పలేదు. చెబుదామని ఒకనాడు ఇంటికి పోయాను. జొన్నరొట్టె పెట్టింది, తిని వచ్చాను. మళ్లీ ఒకనాడు పోయాను. ఎల్లస్వామి చిన్నప్పుడు మేకపిల్లను నా బిడ్డ పెళ్లి పందిట్లోకి తెచ్చి చేసిన ఆగం గుర్తుచేసి నవ్వింది. "గిప్పుడు జర నిద్ర పడుతాంది పర్వతాలన్నా" అన్నది. ఆ మాట విన్న తర్వాత నోరు ఎట్లా తెరవాలి? మీ మీద కోపమొచ్చింది, నా మీద కూడా వచ్చింది. సంచిలో కట్టి అడగకుండానే పంపి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

చెప్పేదుంటే మీరే వచ్చి చెప్పండి. గడ్డపార, పార నేనిస్తాను. మాట మాత్రం మీరే తెచ్చుకోండి.

పర్వతాలు

తా.క.: ఉంగరం అడిగారు. అబద్ధమాడను. పచ్చరాయి మీద మగవాడి మొహం చెక్కి ఉంది. తలకు ఆకులు చుట్టుకున్నాడు, ముక్కు కొడవలిలాగ ఉంది. అటువంటి ముక్కు మా తాలూకాలో లేదు. పట్నంలో కొనుక్కొని ఉంటాడని బక్కమ్మ అన్నది. ఈ సంగతి చదివి మీరు ఎంత తల్లడిల్లుతారో తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.


హైదరాబాదు
28 జూన్ 1959

ఆప్తులు పర్వతాలు గారికి, విశ్వపతి నమస్కారాలు.

మే నెలలో మీ ఊరు వచ్చి వెళ్లినప్పటి నుంచి ఈ ఉత్తరం రాద్దామనుకుంటూ వాయిదా వేశాను. మీరు గడ్డపార తెచ్చి చావడిలో పెట్టుకుని నా కోసం పొద్దంతా కూర్చున్నారు. నేను బక్కమ్మగారి ఇంటి నుంచి వచ్చి, తవ్వే పని లేదని చెప్పి బస్సెక్కాను. ఎందుకని మీరు అడగలేదు. ఇప్పుడు చెబుతాను. మీరొక్కరే చదువుకోండి, చావడిలో వినిపించకండి.

దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ ఆమెకు చెప్పాను. భాష తేడా వల్ల పొరపాటు జరిగిందన్నాను. ఆ ఎముకలు ఆమె కొడుకువి కావన్నాను. ఆమె చివరిదాకా విన్నది. "నాకు ఎరుకే సారూ" అన్నది.

ఎల్లస్వామి పొట్టివాడట. ఆ పొడుగు కాలిఎముక చూసిన క్షణమే తెలిసిపోయిందట. మరి ఎందుకలా అన్నావని అడిగితే, "కుక్కలు జేరినయి. మాకు గావాలె అనేటోడు ఒక్కడు రాకపాయె. మీరు గూడ పూడ్చుమంటిరి. ఎవ్వల కొడుకైతేంది, నా కొడుకన్న" అన్నది. ఇన్నాళ్లూ మీరు ఆమెకు తెలియకుండా దాస్తున్నారు, ఆమె మీకు తెలియకుండా దాస్తోంది. ఏమీ ఎరగకుండా మీ ఇద్దరి నడుమకు వచ్చినవాణ్ణి నేను.

తీసుకుపోతే తీసుకుపొమ్మంది కూడా. అడ్డం రానంది. అతను ఎక్కడివాడని అడిగింది. నాకు హుషారొచ్చింది. సముద్రాల సంగతి, ఓడలను నడిపే గాలుల సంగతి, వాళ్లు తెచ్చిన సారాయి జాడీల సంగతి, తీసుకుపోయిన మిరియాల సంగతి ఏకరువు పెట్టాను. అంతా విని, "మరి వాళ్లమ్మకు ఎవ్వలు జెప్పిండ్రు?" అన్నది.

ముప్పై ఏళ్లుగా యవనుల గురించి చదువుతున్నాను. ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు, నాకూ తోచలేదు. తెలియదని చెప్పాను. అప్పుడు ఆమె అన్న మాటలు ఇవి. "నా ఎల్లస్వామిని గూడ ఏ ఊర్లనో ఏ తల్లో గిట్లనే నా కొడుకని మన్నుల పెట్టి ఉంటది సారూ. ఆమె కాడికి మీరు గడ్డపార వట్టుకొని పోతె నా పానం ఒప్పది." ఆ తర్వాత నేను రాయి తీయమని ఎట్లా అంటాను?

నిన్న సభ జరిగింది. ఆధారం దొరికిందా అని అడిగారు. దొరకలేదన్నాను. అధ్యాయం తీసేశారు. యవనులు బందరు రేవు దాటలేదనే అచ్చవుతుంది, రేపు పిల్లలు అదే చదువుకుంటారు. బాధ లేదని రాస్తే నమ్మరు. చాలా బాధగా ఉంది. మీ మొదటి ఉత్తరం అందిన రోజు, బొక్క అంటే ఏమిటండీ అని ఒక్క ముక్క రాసి అడిగి ఉంటే, ఇద్దరం పక్కపక్కన కూర్చుని అతన్ని తనివితీరా చూసి, ఆ తర్వాత ఆమెకు అప్పగించేవాళ్లం. నవ్వే తొందరలో అడగలేదు. ఇక ఈ వయసులో మరొకటి దొరుకుతుందన్న ఆశ నాకు లేదు.

మీ
విశ్వపతి

తా.క.: గడప దాటుతుంటే ఆమె వెనక్కి పిలిచి ఆ పిల్లవాడి పేరేమిటని అడిగింది. పేరు లేకుంటే పెత్రమాస నాడు ఎట్లా పిలవాలంది. తెలియదని చెప్పవలసింది. ఆధారం లేకుండా ఒక్క అక్షరం రాయనివాణ్ణి నేను. యవనుల పేరొకదానికి అయ్య తగిలించి మార్కయ్య అని చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి చూసుకుని, నోరు తిరిగిందని సంతోషపడింది. ఊళ్లో ఎవరైనా ఈ మార్కయ్య ఎవరని అడిగితే, బక్కమ్మ తరఫు చుట్టమని చెప్పండి.