అక్తోస్ నోటికాడి పన్ను

ఆల్మటీ

నానమ్మకు సలాం.

పట్నంలో ఏం వెలగబెడుతున్నావని అడిగావుగా, చెప్తా విను. పన్ను పుట్టకముందు చిగుళ్ల లోపల దాని మొగ్గ ఉంటుంది. ఆ మొగ్గ పైపొర కణాలు ప్రోటీన్లు తయారుచేసి కిందిపొరకు కబురంపుతాయి. కిందిపొర జవాబిస్తుంది. అలా ఉత్తరాలు నడిస్తేనే పన్ను. ఏ ప్రోటీన్ ఎప్పుడు, ఏ కణాల్లో పుడుతుందో రంగువేసి చూడడమే నా పని. అది ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. నమూనాలే దొరకడం లేదు.

నీ మనవరాలు అయ్‌జాదా

---

చిరంజీవి అయ్‌జాదాకు నానమ్మ కుల్యాష్ దీవెనలు.

ఒకే చిగుళ్లో కాపురముంటూ ఉత్తరాలెందుకే, లేచెళ్లి మాట్లాడుకోవచ్చుగా? గోధుమరంగే కావాలంటే మీ తాత నోరు చూస్తే సరిపోయేది. దిగులుపడకు, ఊళ్లో పిల్లలకు ఊడిన పాలపళ్లన్నీ టీ డబ్బాలో పంపుతున్నా. కొత్తపన్ను గట్టిగా రావాలని ఆనవాయితీ ప్రకారం వాళ్లు కొవ్వులో చుట్టి మన కుక్క అక్తోస్‌కు పెట్టబోతుంటే లాక్కున్నా. అది మొహం మాడ్చుకుంది.

ఇట్లు, నానమ్మ

తా.క. మొలిపించడం అయ్యాక చెప్పు. రాయిలాంటి ఎండుపెరుగు కుర్త్ ఉండ కొరికి ఎన్నేళ్లయిందో.

---

నానమ్మా!

కొంప ముంచావు. పన్ను బయటికొచ్చేసరికి ఆ పైపొర కణాలు చచ్చిపోతాయి. ఊడిన పళ్లు నాకెందుకు? పైగా నేను మొలిపించను, ఎలా మొలుస్తాయో చూస్తానంతే. డబ్బా తెరిచి మా ప్రొఫెసర్ కుర్చీలో కూలబడ్డాడు.

అయ్‌జాదా

తా.క. అందులో ఒక పెద్ద పన్నుంది. ఎవరిది?

---

అయ్‌జాదాకు,

ఇక్కడ కొంపే అంటుకుంది. పక్కింటి ఝమాల్ కూతురు దానాకు ఊడిన ముందుపన్ను మళ్లీ రాలేదు. "కుక్క నోటికాడి పన్ను పట్నం పంపావు! కుక్కపన్నంత గట్టిది ఎలా వస్తుంది? నా పిల్ల బోసినోటి పెళ్లికూతురు కావాలా?" అని వాకిట్లో నిలబడి అరిచింది. ఊళ్లో నాకు సలాం చెప్పేవాళ్లే లేరు. ఏడుపొస్తోంది. వెంటనే అక్కడే ఒక కుక్కను చూడు.

నానమ్మ

తా.క. నోరు తెరిపించి చూడు. పుచ్చుపళ్ల కుక్క వద్దు.

తా.క. పెద్ద పన్ను సంగతి అడక్కు.

---

నానమ్మకు సలాం.

పళ్లన్నీ గొర్రెకొవ్వులో చుట్టి కాపలావాడి కుక్కకు పెట్టేశాను. ప్రొఫెసరే దాన్ని పట్టుకున్నాడు. కోరలు భేషుగ్గా ఉన్నాయి. పెద్ద పన్నూ పెట్టేశాను.

అయ్‌జాదా

తా.క. దానాకు పన్నొచ్చేది కుక్క వల్ల కాదని ఝమాల్ పిన్నికి చెప్పకు.

---

నా బంగారానికి,

దానా పన్ను తొంగిచూసింది! ఝమాల్ నూనెలో వేయించిన వేడి బౌర్సాకులు తెచ్చి నన్ను కావలించుకుని ఏడ్చింది. మీ ప్రొఫెసర్‌కు కుక్కను పట్టడం వచ్చు, మంచివాడే.

ఆ పెద్ద పన్ను నాదే. నాకు మిగిలిన ఆఖరిది. పిల్లల పళ్లతో కలిసిపోతే నాకూ మొలుస్తుందేమోనని ఆశపడ్డా. చెప్పడానికి సిగ్గేసింది.

నీ నానమ్మ

తా.క. రోజూ అద్దంలో చూసుకుంటున్నా. నా కిందిపొర ఇంకా జవాబు రాయలేదు. నువ్వైనా రాస్తుండవే.