పోలమ్మ పక్క సీటు

1962 ఆగస్టు, శనివారం
నెల్లూరు

ఇంటికి చేరి చాలాసేపయింది గానీ కోపం ఇంకా తగ్గలేదు.

పొద్దున సూళ్ళూరుపేటలో బస్సెక్కేసరికి, మా బడి వీధికి చేపలు తెచ్చే పోలమ్మ కనిపించింది. ఇవాళ నెత్తిన గంప లేదు. తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, నెల్లూరు ఆసుపత్రిలో కూతురు కన్న మనవణ్ణి చూడబోతోంది. నా పక్కన కూర్చుందో లేదో, కండక్టరు వచ్చాడు.

“ఏమ్మే, చేపలోళ్ళు టాపు మీద కూర్చోవాలని తెలీదా? లెయ్.”

“గంప తేలేదు సామీ. టిక్కెట్టు తీసుకుంటా గదా.”

“గంప లేకపోతే వాసన పోద్దా?”

ముందు సీటు పెద్దమనిషి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆమె పైకెక్కితే నేనూ ఎక్కుతా. నెల్లూరులో నేరుగా మీ యజమాని దగ్గరికే వస్తా” అని అరిచాను.

“మీకెందుకు టీచరమ్మా ఇదంతా” అని గొణుగుతూ టిక్కెట్టు చింపి ఇచ్చాడు. గెలిచాననుకున్నాను.

గూడూరు దాటేలోపు పోలమ్మ రెండు మూడుసార్లు చాటుగా కొంగు వాసన చూసుకుంది. చివరికి నా చెవి దగ్గర అడిగింది.

“టీచరమ్మా, బిడ్డను నేనెత్తుకోవచ్చునా? వాసన అంటుకోదు గదా?”

“నీ మనవడు పోలమ్మా. ఎత్తుకో” అన్నాను.

అయినా, బస్సు దిగి నేను తోడుగా ఆసుపత్రి దాకా వెళితే, ఆవరణలో కొళాయి కనపడగానే ఆగిపోయి, చేతులు కడిగిందే కడుగుతూ నిలబడింది.

ఇందాక ప్రార్థనకు మోకరించాను. ఆ కండక్టరును క్షమించమని దేవుణ్ణి అడగడానికి నోరు రాలేదు. లేచి వచ్చేశాను.