కొట్టేసిన రెండు మార్కులు

అమ్మాయీ,

నేను, పదో తరగతిలో నీకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారిని. ఇన్నేళ్లకి ఉత్తరమేంటని కంగారు పడకు. ఒక దిద్దుబాటు మిగిలిపోయింది.

‘మార్ఫ్’ అంటే గ్రీకులో ఆకారం అని చెప్పి, ఆ మూలం నుంచి పుట్టిన మాటలకు అర్థాలు రాయమన్నాను, గుర్తుందా? మెటమార్ఫసిస్ అంటే రూపం మారడమని సరిగ్గానే రాశావు. మార్ఫీన్‌కి మాత్రం ‘మనిషికి మళ్లీ తన ఆకారం ఇచ్చే మందు’ అని రాశావు. అది నొప్పి తగ్గించే మందని, కలల దేవుడి పేరు మీద వచ్చిందని ఎర్ర సిరాతో రాసి రెండు మార్కులూ కొట్టేశాను. పైగా క్లాసులో చదివి అందరినీ నవ్వించాను.

ఇప్పుడు మా ఆవిడకు జబ్బు ముదిరింది. మూడు వారాలుగా నొప్పికి ముడుచుకుపోయి, నాకే ఎవరో కొత్త మనిషిలా ఉంది. నిన్న పొద్దున నర్సు ఆ మందు ఇచ్చింది. అరగంటకి నొసటి ముడి విప్పింది, కాళ్లు చాపుకుంది. నన్ను ఎగాదిగా చూసి, “ఆ గుండీలేంటండీ, ఒకటి కిందా ఒకటి మీదా? నేను లేవకపోతే ఇంతేనా మీ సంబడం?” అంది. నలభై ఏళ్లుగా నాకు తెలిసిన మనిషి!

ఆ రెండు మార్కులూ వేశాను. సంగతి విని ఆవిడ, “పిల్లని నవ్వులపాలు చేశారుగా, మూడెయ్యండి” అంది. ప్రశ్నకు ఉన్నవే రెండు, కుదరదన్నాను.

నిన్ను చూడాలంటోంది. మందు తొమ్మిదింటికి ఇస్తారు. పదింటికల్లా వస్తే తను తనలాగే ఉంటుంది. ఎక్కువ రోజులు ఆగకు.

మీ మాస్టారు