ఆషాఢం వెళ్లాక

చిల్లకల్లు,
20-11-2023.

చిరంజీవి ఆమనిని అమ్మ దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ నాన్నా కులాసా. అజ్మీరు చలిలో పొద్దున్నే పరుగులు తీస్తూ నువ్వూ కులాసాగా ఉన్నావనే నా నమ్మకం. సి.ఆర్.పి.ఎఫ్. ట్రైనింగులో నీకు ఫోను ఇచ్చే ఆ కాస్త సమయంలో ఇదంతా చెప్పలేను. అందుకే కాగితం పట్టాను.

నా చెయ్యి ఎలా ఉందని అడిగావు. నొప్పి తగ్గింది. ఎడమ చేతికి మిగిలిన రెండు వేళ్లతోనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. నాన్న ఆటోకి కొత్త టైర్లు వేయించాడు. ఇక కేసు సంగతి. అసలు గండం గట్టెక్కామే తల్లీ. వరసగా చెప్తాను, విను.

జగ్గయ్యపేట పప్పు మిల్లులో బెల్టు నా వేళ్లు లాగేసుకున్న రోజు నుంచి రెండేళ్లలోపు పరిహారానికి దరఖాస్తు పెట్టమని నువ్వు వెళ్తూ వెళ్తూ చెప్పావు. నేను పెట్టలేదు. మిల్లు ఓనరు రత్తయ్య గారు జ్యేష్ఠంలో కూతురి పెళ్లి చేస్తూ, "కేసులెందుకమ్మా, ఆషాఢం వెళ్లాక నేనే ఇస్తాగా" అన్నారు. ఆషాఢం వెళ్లేసరికి అధిక శ్రావణం వచ్చింది. అధిక మాసంలో లక్ష్మిని గడప దాటించకూడదన్నారు. నిజ శ్రావణంలో వెళ్తే కూర్చోమని కూడా అనకుండా, "గడువు ఆషాఢంలోనే దాటిపోయిందంట పున్నమ్మా. చట్టం ఒప్పుకోదు, నేనేం చేసేది?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. అటు నుంచి అటే నందిగామ బస్సెక్కి, కోర్టు దగ్గర లాయరు సూసన్ గారిని కలిశాను.

"గడువు దాటినా తలుపు మూసుకుపోదండి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే లేబరు ఆఫీసరు గారు కేసు తీసుకోవచ్చు. ఆయన మిమ్మల్ని ఆగమన్నట్టు సాక్ష్యమేమైనా ఉందా?" అన్నారావిడ.

"నోటిమాటకి సాక్ష్యమేంటండి?" అన్నాను.

సాక్ష్యం నాన్నకు తట్టింది. పెళ్లి భోజనాల్లో నా విస్తరి ముందు కెమెరా లైటు వెలిగింది కదా, శుభలేఖ మీద యూట్యూబు లింకు కూడా వేశారు కదా అన్నాడు. ఇక ఆటో పక్కన పెట్టి ఆ పెళ్లంతా ఫోనులో మళ్లీ చూశాడు. తన పెళ్లి కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ దాటుకుని భోజనాల దగ్గరకొచ్చాక, "ఇదిగోనే, దొరికాడు" అని కేకేశాడు.

మొన్న విజయవాడ లేబరు ఆఫీసులో విచారణ. మిల్లు తరఫు లాయరు, "రెండేళ్లు నిద్రపోయి ఇప్పుడొచ్చిందండి" అన్నాడు. సూసన్ గారు ఫోను తీసి ఆఫీసరు గారి బల్ల మీద పెట్టారు. సన్నాయి మోగుతోంది. పట్టుపంచెలో రత్తయ్య గారు నా విస్తట్లో బూరె వేయిస్తూ వియ్యాలవారికి చెప్తున్నారు. "మా మిల్లులో వేళ్లు పోగొట్టుకుంది ఈమేనండి. నాకు చెల్లెలి లాంటిది. కేసొద్దన్నా. ఆషాఢం వెళ్లాక రావాల్సిందంతా నేనే ఇస్తానన్నా."

"ఇది మీరేనా?" అన్నారు ఆఫీసరు గారు. రత్తయ్య గారు తన లాయరు వైపు చూశారు. ఆ లాయరు ఫ్యాను వైపు చూశాడు.

ఇక్కడ నీకొకటి చెప్పుకోవాలి. ఆ వీడియోలో నన్ను చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాను. అంతమందిలో చెల్లెలన్నారని పొంగిపోయి నవ్వుతున్నాను. మొహమాటంతో ఆగానని నీకు ఫోనులో చెప్పాను. అది నిజం కాదు. నాకు తోడబుట్టినవాళ్లు లేరు కదా, కేసు వేస్తే ఆ పిలుపు పోతుందేమోనని ఆగాను. గడువు గుర్తుండే ఊరుకున్నాను. నువ్వు తిట్టినా పడతాను.

ఆలస్యానికి కారణం సరైనదేనని, కేసు తీసుకుంటున్నామని ఆఫీసరు గారు అక్కడికక్కడే రాయించారు. ఎంత ఇవ్వాలన్నది ఇంకా తేలాలి. అయినా నాకు ఏనుగెక్కినంత సంతోషంగా ఉంది. నాన్న తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

బయట మెట్ల దగ్గర రత్తయ్య గారు ఎదురొచ్చి, "ఇంటి మనిషివనుకున్నా పున్నమ్మా, ఇంత పని చేస్తావా?" అన్నారు. ఇదివరకైతే నా తల వాలిపోయేది.

"ఇంటి మనిషినైతే నా గడువెందుకు లెక్కపెట్టుకున్నారండి?" అన్నాను.

ఆయన పక్కకి తప్పుకున్నారు. మేం మెట్లు దిగి వచ్చేశాం.

ఇట్లు,
తలెత్తుకు తిరుగుతున్న మీ అమ్మ,
పున్నమ్మ.