పద్మజ మేడం మింగేసిన పేజీలు

జూలై 6, ఆదివారం

ఇవాళ లైబ్రరీలో ప్రారంభోత్సవం. చూపులేని పిల్లలకి ఇకనుంచి ప్రతి ఆదివారం పుస్తకాలు చదివి వినిపిస్తారట. గుమ్మానికి పెద్ద బ్యానర్ కట్టారని అమ్మ చెప్పింది. ఎవరు చూడాలనో. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరు జాలిపడ్డారు. ‘మనోనేత్రం’ అన్న మాట ప్రతివాడి నోటా. ఫోటోకి నా గడ్డం పట్టుకుని మొహం తిప్పారు...

బ్రెయిలీ పుస్తకాలు కూడా వచ్చాయి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. చేతులు పడితే చుక్కలు అణిగిపోతాయట!

జూలై 13, ఆదివారం

చదివేది పద్మజ మేడం. బ్యాంకు మేనేజరు గారి భార్య. ఇంట్లో పొద్దు పోదు — ఆ పొద్దంతా మా నెత్తిన. ఇవాళ కుందేలు కథ. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. పసిపిల్లకి మందు పట్టే గొంతుతో చదువుతుంది. మధ్యలో ఆగి, “దాహమేస్తోందా తల్లీ?” అంటుంది. పోయింది కళ్లు. నోరు కాదు.

జూలై 14

ఈ డైరీ ఫోన్లో టైపు చేసుకుంటున్నాను, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని. రాసింది ఫోనే చదివి వినిపిస్తుంది. నా కోపాన్ని నాకే రైల్వే అనౌన్స్‌మెంటులా...

జూలై 20, ఆదివారం

నవల కావాలన్నాను. లావుపాటిది. “అంత బరువైనవి మీకెందుకమ్మా” అంది మేడం. పట్టుబట్టాను. లైబ్రేరియన్ గారు ఏదో తీసి ఇచ్చారు. అక్కచెల్లెళ్ల కథ. బాగానే ఉంది.

నా పక్కన రమ్య కూర్చుంటుంది. మూడో తరగతి. మాడుగుల నుంచి నాయనమ్మతో బస్సులో వస్తుంది. దానికీ రేచీకటితోనే మొదలైంది, నాకు మొదలైనట్టే. పగలు ఇంకా బాగానే కనిపిస్తుందట. నోరు మూయదు.

జూలై 27, ఆదివారం

ఏదో తేడాగా ఉంది. కథలో జ్వరం వచ్చి చెల్లెలి చూపు పోయింది. పెరట్లో అలిగి కూర్చుంది. మరుక్షణం ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు, ఆ పిల్ల చచ్చిపోయింది. ఎలా? మేడం ఒకేసారి నాలుగైదు కాగితాలు తిప్పింది — నాకు వినిపించదనుకుంది. అడిగితే “అంతే ఉంది తల్లీ” అంటుంది. చక్కగా, తడుముకోకుండా.

జూలై 29

పుస్తకం ఇంటికి తెచ్చాను. అమ్మ చదివింది ఐదో తరగతి. కూడబలుక్కుంటూ చదువుతోంది. ఒక చోట ఆగిపోయి “ఇది ఒద్దులేయే” అంది. చదవమన్నాను. చదివింది.

చెల్లెలు నూతిలో దూకింది. తన వల్ల అక్క పెళ్లి ఆగిపోతుందని.

అమ్మ వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది.

రాసిన మహానుభావుడికి కళ్లు పోయిన ఆడపిల్లని ఏం చెయ్యాలో తోచలేదు. నుయ్యి తోచింది. ఛీ. అయినా ఆయన నయం. అనుకున్నది నా మొహం మీదే చెప్పాడు. మేడం దాచింది.

ఆగస్టు 3, ఆదివారం

అందరిముందూ అడిగేశాను. మీ మనసు కష్టపడుతుందని వదిలేశానంది.

“మా మనసు సంగతి మాకొగ్గీయండి మేడం. ఉన్నదున్నట్టు సదవండి.”

ఏడ్చింది. మోసపోయింది మేము, ఏడ్చేది ఆవిడ. ఓదార్చమన్నట్టు లైబ్రేరియన్ గారు నా భుజం తట్టారు. నేనెందుకు ఓదారుస్తాను?

ఆగస్టు 4

అమ్మ తిట్టింది. “ఊరికే సదివి పెడతన్న మనిసిని ఏడిపిస్తావేటే?” ఊరికే పెడితే పాచిపోయింది కూడా తినాలి కాబోలు.

ఆగస్టు 10, ఆదివారం

రాదనుకున్నాను. వచ్చింది. ఆ పేజీలే తీసి చదివింది. తేనె లేదు, తల్లీ లేదు. మామూలు గొంతు. ఇన్నాళ్లకి ఒక మనిషి చదువుతున్నట్టు ఉంది.

చదవడం అయింది. అప్పుడు రమ్య —

“అక్కా, నీకు మొత్తం ఎప్పుడు పోయింది?”

ఊరుకోమని నాయనమ్మ కసిరింది. ఎనిమిదో తరగతిలో అన్నాను.

“నాకూ పోద్దా?”

మందులతో తగ్గిపోతుందని చెప్పి ఉంచారు దానికి. ఆ సంగతి నాకు తెలుసు. గదిలో అందరికీ తెలుసు.

“పోవచ్చు. నాకు ఇలాగే మొదలైంది” అన్నాను.

నోరు మూయని పిల్ల... మాట్లాడలేదు. “ఇందుకేటి గుంటని తెచ్చేను” అని నాయనమ్మ దాన్ని లేవదీసుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు 12

నిద్ర లేదు.

నాకు ఎవరూ చెప్పలేదు. కేరట్లు తినమన్నారు, పొన్నగంటి కూర తినమన్నారు, తగ్గిపోతుందన్నారు. నమ్మాను. కనిపించినన్నాళ్లూ క్లాసు పుస్తకాలు తప్ప ఏమీ చదవలేదు — తర్వాత చదువుకోవచ్చు కదా అని. అందరి మొహాలూ కూడా సరిగ్గా చూసుకోలేదు. అబద్ధం చెప్పినవాళ్లంతా మంచివాళ్లే. అదే మంట.

మరి దానికి ఎనిమిదేళ్లు కదా... వేరేలా చెప్పాల్సిందా? ఎలా?

ఆగస్టు 17, ఆదివారం

లైబ్రరీలోనే టైపు చేస్తున్నాను. వాన. బీరువా తాళంచెవి లైబ్రేరియన్ గారు ఇవాళ కూడా ఇంట్లోనే మర్చిపోయారట. ఆ మర్చిపోవడం మాత్రం ఎప్పుడూ మర్చిపోరు.

“మొదలుపెట్టనా?” అంది మేడం. నన్ను అడగడం ఇదే మొదటిసారి. వద్దు, మాడుగుల బస్సు రానీయండి, రమ్య వస్తుందేమో అన్నాను. సరేనంది. పుస్తకం మూసిన చప్పుడు.

ఎదురుగా బస్సు ఆగింది. కండక్టరు అరుస్తున్నాడు. దిగుతున్నారు... బురదలో చెప్పులు. పెద్దవాళ్లవే అన్నీ. ఇంకా దిగుతున్నారు.

మేడం లేచి గుమ్మం దాకా వెళ్లింది. అక్కడే నిలబడింది.

ఏమీ చెప్పదేం?