మరియమ్మ చూపించని నోట్సు

1967 నవంబరు 6, సోమవారం

జగ్గయ్యపేట నుంచి నందిగామ కాలేజీకి నిలబడే వచ్చాను. ఒళ్ళు మండుతూనే ఉంది, బస్సు వల్ల కాదు. నిన్నంతా పి.యు.సి. వాళ్ళ వ్యాసాలు దిద్దాను — మా పేట బౌద్ధ స్తూపం మీద. కీసర నుంచి వచ్చే మరియమ్మ వ్యాసంలో ఒక పేరా... పదిహేడేళ్ళ పిల్ల రాసే తెలుగేనా అది? రాగానే లైబ్రరీలో పాత చరిత్ర పుస్తకం తిరగేశాను. దొరికింది. కామా కూడా పోలేదు.

ఆఖరి గంటలో అందరి ముందూ లేపి, ఎక్కడ్నించి ఎత్తావని అడిగాను. తల వంచుకుంది. ఇంకేం రుజువు కావాలి?

7, మంగళవారం

ప్రిన్సిపాల్ గారికి ఫిర్యాదు రాసిచ్చాను. రుజువైతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుందన్నారు. అది ఆగితే ఆ పిల్ల చదువూ ఆగినట్టే. తండ్రి ఎలిమెంటరీ బడి పంతులు, వెనక ఇంకా ముగ్గురు. తెలుసు నాకు. తెలిసే ఇచ్చాను.

విచారణ మా చరిత్ర శాఖ పెద్ద పానకాలరావు గారికి అప్పగించారు. ఆయన నా కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"అనుమానం మీ దగ్గరుంది. తప్పు ఆ అమ్మాయి దగ్గరుందో లేదో ఇంకా తెలీదు గదండీ."

ఈయన మెతకదనంతోనే పిల్లలు చెడుతున్నారు.

8, బుధవారం

కిందటేడు సంగతి గుర్తొచ్చింది. ముక్త్యాల పెద్ద రైతు కొడుకు, నిజంగానే గైడులోది ఎక్కించేశాడు. పానకాలరావు గారు గదిలోకి పిలిచి, కృష్ణ ఒడ్డున ఒక రోజు కూర్చుని కంటికి కనిపించింది రాసుకురా అన్నారట. నాలుగు పేజీలు తెచ్చాడు, నిండా తప్పులు. వాటికే మార్కులేశారు. అప్పుడు నవ్వుకున్నాను. ఆ కుర్రాడు మళ్ళీ గైడు ముట్టలేదు, ఆ మాటా నిజమే.

9, గురువారం

స్టాఫ్ రూములో మేం ముగ్గురమే. పానకాలరావు గారు మరియమ్మకి కుర్చీ వేయించారు. నన్ను నోరెత్తొద్దన్నారు.

కాపీ ఊసే లేదు. స్తూపం గురించి తెలిసింది చెప్పమ్మా అన్నారు. మొదట రెండు ముక్కలు పుస్తకంలోవే చెప్పింది. తర్వాత చూడాలి! వాళ్ళ నాన్న దాన్ని చూపించడానికే పేట తీసుకొచ్చాడట. తిరిగి వెళుతూ ఎవరింటి ముందో గడప రాయి చూసి, ఇదీ ఆ స్తూపం రాయేనేమో, తొక్కకుండా దాటమ్మా అన్నాడట. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. పేటలో పుట్టిన నాకే తోచలేదు.

మరి ఈ పేరా ఎక్కడిదమ్మా అని మెల్లిగా అడిగారు. ఒక్క క్షణం నా వంక చూసి కళ్ళు దించుకుంది.

"తప్పేనండి. ఏ శిక్షేసినా సరేనండి."

ఆ చూపులో ఆయనకేదో దొరికినట్టుంది. నాకేం అర్థం కాలేదు. అమ్మాయి వెళ్ళాక, "రేపు మీ నోట్సు ఒకసారి తీసుకురండి," అన్నారు.

10, శుక్రవారం

పొద్దున్నే ఎర్ర అట్ట నోట్సు తీశాను. బెజవాడలో చదివేటప్పుడు మా మాస్టారు చెబుతుంటే రాసుకున్నది. ఏటా అదే, ఏం చదువుతున్నానో పట్టించుకోకుండా, చూసి చెబుతాను, పిల్లలు రాసుకుంటారు.

ఉంది. అదే పేరా. అదే కామా.

మా మాస్టారు పుస్తకం పేరు చెప్పలేదు, నేను అడగలేదు. ఆగస్టులో వీళ్ళకి నా నోటితోనే చెప్పాను. ఆ పిల్ల నమ్మి రాసుకుంది. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదట — ఇదిగో, ఇదే. తల కొట్టేసినట్టయింది.

పానకాలరావు గారు ఆశ్చర్యపోలేదు. మరియమ్మని పిలిచి, నువ్వు రాసుకున్న నోట్సు చూపిస్తే సరిపోయేది కదమ్మా అన్నారు. సోమవారం కూడా అది ఆమె సంచిలోనే ఉందట!

"అందరి ముందూ సారుకి తలవంపులు గదండీ."

నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఎమ్మే. ఆ పిల్ల ముందు ఎంత చిన్నవాణ్ణి.

ఆమె వెళ్ళాక నా కాగితం జేబులోంచి తీసి నాకే ఇచ్చేశారు. రిజిస్టరుకి ఎక్కించనే లేదు. ఎంత పెద్ద మనిషి! ఒక్క మాట దెప్పలేదు. "మీరు ఆ అమ్మాయిని అన్నది మాత్రం క్లాసులోనండీ," అని కళ్ళజోడు తుడుచుకున్నారు.

11, శనివారం

క్లాసులో చెప్పేశాను. పుస్తకం, మా మాస్టారు, నేను, అంతా. తప్పు నాది, మరియమ్మది కాదన్నాను. ఎవరూ నవ్వలేదు.

మరియమ్మ చోటు ఖాళీ.

వాళ్ళ ఊరి పిల్ల చెప్పింది — సోమవారం సంగతి నిన్న సాయంత్రం ఎవరో వాళ్ళ నాన్న చెవిన వేశారట. "దొంగన్న పేరొచ్చాక చదువెందుకు, ఇంక చాల్లే అన్నాడంట సార్."

అందరూ విన్నారు. వినాల్సిన మనిషి లేదు.

13, సోమవారం

బస్సులో, పెన్సిలుతో. నిన్న వెళ్ళాల్సింది. ధైర్యం చాల్లేదు. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒళ్ళో ఎర్ర అట్ట నోట్సు. గడప రాయి తొక్కకుండా దాటమన్న మనిషి... నన్ను తన గడప దాటనిస్తాడా?

"నందిగామ సార్," అన్నాడు కండక్టరు అలవాటుగా. దిగలేదు. కీసరకి టిక్కెట్టు కొట్టమన్నాను.

మునేరు కనబడుతోంది, కీసర వచ్చేసినట్టే. మొదటి మాట ఇంకా దొరకలేదు.