నా పడవలో నేనే కూలీ

జూన్ 18
ఈ రోజు నుంచి నా పడవలో నేనే కూలీని. కెప్టెన్ మా అమ్మాయి పెలాగియా. ఒప్పందం ఈ ఒక్క సీజన్‌కే. బాగా నడిపితే చేపలు పట్టే పర్మిట్ ఆమె పేర రాసిస్తాను, లేకపోతే చక్రం మళ్ళీ నా చేతికి. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. అడగనిదే నేను నోరు తెరవకూడదట. ముప్పై ఎనిమిదేళ్లు నడిపినవాణ్ణి! మా ఆవిడ ఉలియానా పడీపడీ నవ్వింది. ఏమయ్యా, నోరు మూసుకుంటే నీకు ఊపిరాడుద్దా అంది.

జూన్ 23
నాక్‌నెక్ నది మొగ దగ్గర ముగ్గురం లంగరు వేశాం. చుట్టూ ఎర్ర సాల్మన్ ఎగిరెగిరి పడుతున్నాయి. వల వేయకూడదు. ఎగువన టవర్ మీద లెక్కపెట్టేవాళ్లు చాలినన్ని చేపలు నది ఎక్కాయని చెప్పేదాకా ఎవరం కదలం. గుడ్లు పెట్టేవి పోవాలి కదా. పెలాకి ఇది నేర్పింది నేనే. అయినా చేతులు దురద పెడుతున్నాయి.

జూన్ 26
రేడియోలో చెప్పారు. రేపు తొమ్మిది నుంచి ఐదు వరకు ఓపెనింగ్, అంటే వల వేసుకోవచ్చు.

జూన్ 27, పగలు 11
చేపలు కొట్టుకుంటుంటే వల పొడుగునా నురుగే. పెలా బాగా వేసింది. ఆ మాట పైకి అనలేదు.

మధ్యాహ్నం 2
ఇసుక మీద కూర్చున్నాం.
మొదటి వల లాగేశాక, చేపల వెంటపడి పెలా ఒడ్డువైపు పోనిచ్చింది. నీరు తీసేస్తోంది. పడవ తిన్నెకెక్కి ఒరిగింది. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆరు గంటలు ఇంతే. అందరూ చేపలు పడుతున్నారు. నా బావమరిది వసీలి రేడియోలో, బావా, తోటేస్తన్నావా, బంగాళాదుంపలు పండితే మాకూ రెండు పంపు అన్నాడు.
నాన్నా, నీకు ముందే కనపడిందా అని పెలా అడిగింది. నోరు తెరవొద్దన్నావుగా అన్నాను. ఉలియానా నన్ను కొరకొరా చూసింది.

సాయంత్రం 5
ఓపెనింగ్ అయిపోయింది.
కనపడింది. లోతు తగ్గి నీళ్ల రంగు మారడం రెండు నిమిషాల ముందే చూశాను. షరతు కోసం నోరు మూసుకోలేదు. ఆమె ఓడిపోతే చక్రం నాకొస్తుందని మూసుకున్నాను. కన్నకూతురి మీద! సిగ్గుతో చచ్చిపోతున్నాను.

6.30
చెప్పేశాను. పెలా బూట్లతో ఇసుకలో నిలబడి వల కుడుతోంది. ముడి బిగించి దారం కొరికింది. తర్వాత, తెలుసులే నాన్నా, నువ్వు ఊపిరి బిగబట్టడం వినపడింది, అయినా పంతం కొద్దీ నేనే పడవ తిప్పలా, నీ కూతుర్నేగా అంది. ఉలియానా పడవ పైనుంచి, దొందూ దొందే, వచ్చి తినండి అని కేకేసింది. టీ, పైలట్ బ్రెడ్ అనే గట్టి బిస్కెట్లు, ఎండు చేప. ఎదుట కాలువలో మేం పట్టాల్సిన సాల్మన్ దర్జాగా నదికి పోతున్నాయి. పోనీ నాన్నా, వాటి పిల్లలు తిరిగొస్తాయిలే అంది పెలా. ముగ్గురం నవ్వాం. నాకు కళ్లు కూడా తుడుచుకోవాల్సి వచ్చింది.

జూలై 3
కొత్త షరతు. ఏది కనపడితే అది చెప్పాలి. రోజంతా చెప్పాను. సాయంత్రానికి పెలా, నాన్నా, నీ పుణ్యముంటుంది, కాస్త మంచినీళ్లు తాగు అంది. చెప్పినవాటిలో సగమే విన్నది. మిగతా సగం వినకపోవడమే మంచిదైంది. పడవ అంచులదాకా నిండింది. ఈసారి వసీలి రేడియోలో బంగాళాదుంపల ఊసెత్తలేదు.

ఆగస్టు 2
పర్మిట్ బదిలీ ఫారం నింపాను. ఆమె మీకేమవుతుంది అన్న గడిలో ‘కెప్టెన్’ అని రాశాను. ఆఫీసు అమ్మాయి కొట్టేయమంది. కొట్టేయలేదు. పక్కనే ‘కూతురు’ అని కూడా రాశాను.